తొర్ర చెట్టు నిలిస్తేనే నీలి సాలీడు

గుత్తి అంటే తెలుగువాళ్లకు కోట గుర్తొస్తుంది, రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. యూరప్‌లోనో అమెరికాలోనో సాలీళ్లను పెంచేవాళ్ల దగ్గర అదే పేరెత్తితే నీలి సాలీడు గుర్తొస్తుంది. కాళ్లు చాచితే పెద్దవాళ్ల అరచేయి నిండుతుంది. ఒళ్లంతా మెరిసే నీలం, దాని మీద తెల్లటి చిత్రమైన గీతలు, కాళ్ల మీద అక్కడక్కడా పసుపు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పోసిలోథీరియా మెటాలికా, వాడుక పేరు గుత్తి టరాంటులా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయూసీఎన్) 2008లో దీన్ని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. పులికి ఇచ్చిన స్థాయి కంటే ఇది ఒక మెట్టు పైది. అయినా ఈ సాలీడు గురించి అనంతపురం జిల్లాలో బడికెళ్లే పిల్లలకు చెప్పేవాళ్లు లేరు, నంద్యాల అడవుల్లో కట్టెలు కొట్టేవాళ్లకు చెప్పేవాళ్లు అంతకన్నా లేరు.

దీన్ని కాపాడడానికి కోట్ల రూపాయల పథకం అక్కర్లేదు. ముసలి తొర్ర చెట్లను కొట్టకుండా వదిలేయాలి. సాలీడును చూసి అది ఏ జాతిదో చెప్పగల మనుషులను తయారుచేసుకోవాలి. ఆర్భాటం లేని పనులు కాబట్టే ఈ రెండూ ఎవరికీ పట్టడం లేదు.

కథ 1899లో మొదలైంది. రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అప్పట్లో లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో సాలీళ్లు, తేళ్ల విభాగం చూసేవాడు. ఇండియా నుంచి వచ్చిన నమూనాలను పరిశీలించి, పోసిలోథీరియా ప్రజాతిలో ఆ ఏడాదే పలు కొత్త జాతులకు పేర్లు పెట్టాడు. వాటిలో ఒకటి గుత్తిలో దొరికిన సాలీడు. లోహంలా మెరిసే ఒంటిని బట్టి ‘మెటాలికా’ అన్నాడు. ఆ తర్వాత నూరేళ్ల పాటు దాన్ని చూసినట్టు ఎవరూ రాయలేదు. 2001లో అది మళ్లీ కనిపించింది. కనిపించింది గుత్తిలో మాత్రం కాదు. అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమల అడవిలో కనిపించింది.

గుత్తి చుట్టూ రాతి కొండలు, మెట్ట నేలలు. చెట్ల మీద బతికే సాలీడుకు తగిన చోటు కాదు. మరి తొలి నమూనా అక్కడికెలా చేరింది? రైల్లో వచ్చి ఉంటుందని పరిశోధకుల అంచనా. నల్లమల నుంచి కలప గుత్తి రైల్వే యార్డుకు చేరేది. ఏదో ఒక మొద్దు తొర్రలో నిద్రపోతున్న సాలీడు దానితో పాటే దిగి ఉంటుంది. అంటే ఈ ప్రాణి లోకానికి తెలిసిందే దాని ఇల్లు నరికినందువల్ల! తన అడవి పేరు కాక, దుంగలు దించిన స్టేషన్ పేరు దానికి శాశ్వతంగా అతుక్కుపోయింది.

నమూనా చీటీ మీద రాసిన ఊరు సరైనది కాకపోతే ఏమవుతుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నూరేళ్ల పాటు ఈ జాతి ఎక్కడ బతుకుతోందో తెలియలేదు కాబట్టి, ఆ అడవికి ఏం జరుగుతోందో అడిగినవాళ్లూ లేరు. 2008లో ఐయూసీఎన్ లెక్క కట్టే నాటికి దాని నివాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే మిగిలింది. ఈమధ్య తమిళనాడులోని జింజీ దగ్గరి కొండల్లోనూ కనిపించిందని పత్రికల్లో వచ్చింది. అది మంచి వార్తే. ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతికి చూడాల్సిన పని ఎంత మిగిలి ఉందో కూడా ఆ వార్తే చెబుతోంది.

టరాంటులా అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన సాలీళ్లు 50,000 జాతులు దాటాయి. వాటిలో అత్యధిక భాగం మనం ఇళ్లలో, తోటల్లో చూసే సాలీళ్ల శాఖవే. వాటి కోరలు పటకారులా పక్కల నుంచి దగ్గరికొచ్చి పట్టుకుంటాయి. రెండో శాఖ పాతది, చిన్నది. దాన్ని మైగలోమార్ఫ్‌లు అంటారు. వీటి కోరలు పక్కపక్కనే సమాంతరంగా ఉండి, పై నుంచి కిందికి దిగుతాయి. అందుకే ఎర మీద పడేముందు ఇవి ఒళ్లు పైకెత్తుతాయి. మన ఇంటి సాలీళ్లలో చాలావాటికి పుస్తకాకార ఊపిరితిత్తులు ఒక జతే ఉంటే, వీటికి రెండు జతలు. ఈ పాత శాఖలోని అతి పెద్ద కుటుంబం థెరాఫోసిడే. టరాంటులాలంటే ఆ కుటుంబమే. దక్షిణ అమెరికాలోని గోలియత్ మొదలు మన నల్లమల నీలి సాలీడు దాకా వెయ్యికి పైగా జాతులు అందులో ఉన్నాయి. గోలియత్ కాళ్లు చాచితే 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

ఈ శాఖ బతుకు తీరే నిదానం. ఆస్ట్రేలియాలో బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రజ్ఞురాలు దశాబ్దాల పాటు ఒకే చోటి సాలీళ్ల బొరియలకు నంబర్లు వేసి గమనించారు. వాటిలో 16వ నంబరు సాలీడు 43 ఏళ్లు బతికింది. 2016లో అది చచ్చిపోయింది కూడా ముసలితనంతో కాదు, కందిరీగ కాటుతో. అది టరాంటులా కాదు, అదే శాఖలో వేరే కుటుంబానిది. టరాంటులా ఆడవీ పది, పదిహేనేళ్లు సునాయాసంగా బతుకుతాయి. మగవి యుక్తవయసుకు వచ్చాక ఎక్కువ కాలం ఉండవు. ఇంత నిదానంగా ఎదిగే జీవుల్లో ఒక్క పెద్ద ఆడదాన్ని పట్టుకుపోయినా ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది.

వర్గీకరణ అంటే మ్యూజియం సీసాల మీద చీటీలు అతికించే పనని చాలామంది అనుకుంటారు. 2021లో వెలువడిన ఒక పరిశోధన చదివితే ఆ అభిప్రాయం మారుతుంది. టరాంటులాల జన్యువులను పోల్చి వాటి వంశవృక్షం గీసిన శాస్త్రజ్ఞులకు, ఆ వృక్షంలో భూమి చరిత్రే కనిపించింది. సుమారు 12 కోట్ల ఏళ్ల కిందట ఇప్పటి అమెరికా ఖండాల ప్రాంతంలో ఈ కుటుంబం పుట్టింది. అప్పుడు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, ఇండియా ఇంకా పూర్తిగా విడిపోలేదు. తర్వాత ఇండియా భూఖండం విడిపోయి ఒంటరిగా ఉత్తరానికి కదిలింది. దాని మీదున్న టరాంటులాలు ఆ ప్రయాణంలోనే రెండు దారులు పట్టాయి. ఒక వంశం నేలలో బొరియలకు అలవాటు పడింది, ఇంకొకటి చెట్లెక్కింది. ఇండియా వెళ్లి ఆసియాను తాకాక రెండు వంశాలూ ఆ ఖండంలోకి అడుగుపెట్టాయి, అదీ రెండు వేర్వేరు కాలాల్లో. రెండు వలసల మధ్య సుమారు 2 కోట్ల ఏళ్ల ఎడం ఉందని అంచనా. ఆగ్నేయాసియా టరాంటులాల్లో చాలావాటి పూర్వీకులు మన భూమి మీది నుంచి వెళ్లినవే. పోసిలోథీరియా ప్రజాతి ఇండియా, శ్రీలంకల్లో తప్ప మరెక్కడా లేకపోవడాన్ని ఆ సుదీర్ఘ చరిత్ర పక్కన పెట్టి చూడాలి. అప్పుడు నంద్యాల అడవిలోని ఒక తొర్రకు ఎంత విలువుందో అర్థమవుతుంది.

ఇలాంటి వంశవృక్షం గీయాలంటే ముందు ఒక్కో జాతినీ సరిగ్గా గుర్తించి ఉండాలి. టరాంటులాల్లో అది తేలిక కాదు. రంగు చూసి చెప్పలేం. కుబుసం విడిచే ముందు ఒక రంగు, విడిచాక ఒక రంగు. పిల్లది ఒకలా ఉంటుంది, పెద్దది ఒకలా. ఆడవాటిలో వీర్యాన్ని దాచుకునే సంచి ఆకారం, మగవాటిలో నోటి పక్కనుండే స్పర్శాంగాల కొసన సంయోగానికి వాడే భాగం ఆకారం సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆ పని తెలిసినవాళ్లు ప్రపంచంలోనే తక్కువ. అమెరికా చెట్ల టరాంటులాల ప్రజాతి అవిక్యులేరియా సంగతే చూడండి. 1705లో మరియా సిబిల్లా మెరియన్ తన సురినామ్ పురుగుల పుస్తకంలో చిన్న పిట్టను తింటున్న సాలీడు బొమ్మ వేసింది. 1758లో లినేయస్ ఆ సాలీడుకు పేరు పెట్టాడు. ఆ తర్వాత ఏర్పడిన ఈ ప్రజాతిలో ఎవరికి తోచిన జాతిని వాళ్లు చేరుస్తూ పోయారు. 2017లో ఇద్దరు బ్రెజిల్ పరిశోధకులు మ్యూజియాల్లోని నమూనాలన్నీ తిరగేశారు. పదుల కొద్దీ పేర్లున్న ఆ ప్రజాతిలో చివరికి చెల్లినవి 12 జాతులే.

ఈ గందరగోళంతో సామాన్యులకేం పని? పని ఉంది. చట్టం పేరును బట్టే నడుస్తుంది.

2021 జులైలో చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారులు పోలండ్ నుంచి వచ్చిన ఒక పార్సిల్ విప్పారు. వెండి రేకు, దూది చుట్టిన చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాల్లో 107 బతికున్న సాలీళ్లు! వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో, జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లను పిలిచి చూపించారు. వాటిలో అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలున్న బ్రాకిపెల్మా ప్రజాతివి ఉన్నట్టున్నాయని వాళ్లు చెప్పాకే పార్సిల్‌ను వెనక్కి పంపడానికి వీలైంది. చూసి చెప్పగల మనిషి ఆ రోజు అందుబాటులో లేకపోతే అధికారుల చేతిలో చట్టం ఉండీ లేనట్టే. మన పోసిలోథీరియా ప్రజాతికి కూడా 2019లో జెనీవాలో జరిగిన సైటీస్ (ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) సమావేశంలో అంతర్జాతీయ రక్షణ దొరికింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ సైటీస్ జాబితాల్లోని జీవుల కోసం ప్రత్యేకంగా ఒక షెడ్యూలు పెట్టింది. కాగితం మీద రక్షణ ఉంది. శంషాబాద్, విశాఖ, విజయవాడ విమానాశ్రయాల్లో ఒక సీసాలోని పిల్ల సాలీడును చూసి ‘ఇది నల్లమలది’ అని చెప్పగల వాళ్లను మన విశ్వవిద్యాలయాలు తయారుచేయాలి. జంతుశాస్త్ర విభాగాల్లో వర్గీకరణ శాస్త్రం ఒక మూలకు నెట్టిన పాఠంగా మిగిలినంత కాలం అది జరగదు.

వ్యాపారం చిన్నదేం కాదు. 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఆన్‌లైన్ అమ్మకాలను గాలించి, 1,200కి పైగా సాలీళ్లు, తేళ్ల జాతులు అంగట్లో ఉన్నాయని తేల్చింది. శాస్త్రానికి తెలిసిన టరాంటులాల్లో సగానికి పైగా జాతులు అందులో ఉన్నాయి. కొత్త జాతికి పేరు పెట్టిన పత్రమే సేకరించేవాళ్లకు దారి చూపే పటం అవుతున్న సందర్భాలున్నాయి. కొన్నిసార్లు వరస తిరగబడుతుంది. మలేషియాలోని సరావాక్ అడవుల్లోని నీలికాళ్ల టరాంటులాను 2019లో బ్రిటన్‌లో కొత్త జాతిగా వర్ణించారు. ఆ నమూనాలు అనుమతి లేకుండా తెచ్చినవని సరావాక్ అధికారులు అభ్యంతరం చెప్పారు. ఒక దేశపు అడవి నుంచి దొంగిలించిన ప్రాణితో శాస్త్రం రాస్తే, రాసినవాళ్లు ఎంత పండితులైనా అది తప్పే.

గుత్తి టరాంటులా విషయంలో పెంపకందారులు ఒక వాదన వినిపిస్తారు. తమ గదుల్లో వేలకొద్దీ పిల్లలు పుడుతున్నాయి, కాబట్టి జాతి సురక్షితం అంటారు. ఒకప్పుడు వందల డాలర్లు పలికిన ఈ సాలీడు ధర పెంపకం పెరిగాక తగ్గిన మాట నిజమే. దానివల్ల అడవి నుంచి పట్టుకొచ్చే ఆశ కొంత తగ్గి ఉండొచ్చు. కానీ డబ్బాల్లోని ఆ సంతానమంతా మన అడవి నుంచి తీసుకెళ్లిన కొద్దిపాటి సాలీళ్ల వంశమే. దాన్ని తెచ్చి నల్లమలలో వదలాలన్నా, వదలడానికి తొర్ర ఉండాలి కదా.

తొర్ర గురించే ఎక్కువ చెప్పుకోవాలి. ఈ సాలీడు ఎత్తైన ముసలి చెట్ల బోలు మానుల్లో, లేచిన బెరడు కింద గూడు అల్లుకుంటుంది. పగలంతా లోపలే. చీకటి పడ్డాక తొర్ర అంచుకు వచ్చి కాచుకుని, దగ్గరికొచ్చిన పురుగు మీద పిడుగులా పడుతుంది. తల్లి గుడ్ల సంచిని తన దగ్గరే పెట్టుకుని కాపాడుతుంది. దీని దగ్గరి చుట్టం పోసిలోథీరియా రెగాలిస్‌లోనైతే పిల్లలు కొంతకాలం తల్లితో పాటు ఒకే తొర్రలో ఉంటాయి. ఒంటరితనానికి పేరుపడ్డ సాలీళ్లలో ఇది అరుదు. శ్రీలంకలో ఇంకా ఆశ్చర్యకరమైనది కనిపించింది. అక్కడి పోసిలోథీరియా సాలీడు, ఒక చిన్న కప్ప ఒకే చెట్టు తొర్రలో కలిసి ఉండడాన్ని పరిశోధకులు నమోదు చేశారు. కప్పను సాలీడు ముట్టుకోదు. ఒక్క తొర్ర పోతే పోయేది ఒక్క ప్రాణి కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అలాంటి తొర్ర ఏర్పడాలంటే చెట్టు దశాబ్దాల వయసు దాటాలి. కొమ్మ విరగాలి, చెద పట్టాలి, లోపలి చేవ పుచ్చాలి. వంటచెరకు కోసం అడవికి వెళ్లేవాళ్లు మొదట ఎంచుకునేది సరిగ్గా ఆ చెట్టునే. పచ్చి చెట్టు కొడితే తప్పని వాళ్లకూ తెలుసు, ఎండినది కొడితే అడవికి నష్టం లేదనే నమ్మకం. అధికారుల్లో కూడా ఎండు చెట్టును పనికిరానిదిగా లెక్కగట్టే అలవాటు పాతదే. పేదింటి పొయ్యి మీద నింద వేయడం అన్యాయం. ఏ చెట్టు వదలాలో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఐయూసీఎన్ కూడా ఈ జాతికి ప్రధాన ముప్పుగా చెప్పింది కలప, వంటచెరకు కోసం అడవి చితికిపోవడాన్నే. వ్యాపారం కోసం పట్టుకోవడం దానికి తోడైంది.

పక్కనే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది కదా, పులిని కాపాడితే సాలీడు కూడా బతకదా అని అడిగేవాళ్లున్నారు. కొంతవరకు నిజమే. అడవి నిలిచిన చోట దానిలోని చిన్న జీవులకూ ఎంతో మేలు. కానీ పులికి జింకలు, నీళ్లు, చాటు దొరికితే చాలు, చెట్టు వయసుతో దానికి పెద్దగా పనిలేదు. పులుల్ని లెక్కపెట్టే కెమెరాలు మోకాలెత్తున దారి వైపు చూస్తాయి. తలెత్తి తొర్రలోకి చూసే లెక్క వేరే జరగాలి.

ఇక ఆ నీలం. అది రంగు పదార్థం కాదు. వెంట్రుకల లోపలి అతిసూక్ష్మ నిర్మాణాలు వెలుగులోని నీలి తరంగాలను మాత్రమే వెనక్కి కొట్టడం వల్ల పుట్టే మెరుపు. 2015లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం టరాంటులాల్లో నీలం కనీసం ఎనిమిది సార్లు విడివిడిగా పుట్టింది. నిర్మాణాలు వేరువేరు, తేలిన నీలం మాత్రం దాదాపు ఒకటే. రాత్రి తిరిగే జీవికి నీలమెందుకు? టరాంటులాలకు రంగులు తెలియవనే అప్పట్లో అనుకున్నారు. 2020లో మరో బృందం టరాంటులాల్లో రంగును పసిగట్టగల కంటి జన్యువులు పనిచేస్తున్నాయని చూపడంతో ఆ ప్రశ్న మళ్లీ తెరుచుకుంది. దానికి పూర్తి జవాబు వెతకాలంటే ఆ సాలీడును దాని అడవిలో, దాని చీకట్లో చూడాలి. ఆ పరిశోధన నంద్యాల నుంచి, కర్నూలు నుంచి, తిరుపతి నుంచి రావాలని కోరుకోవడం అత్యాశ కాదు.

కనబడగానే చెప్పుతో కొట్టే భయం సంగతీ దాచకూడదు. ఈ ప్రజాతి కాటు తేలిక కాదు. 2014లో స్విట్జర్లాండ్ వైద్యులు పాత కేసులన్నీ సమీక్షించినప్పుడు సగానికి పైగా బాధితులకు కండరాలు తీవ్రంగా పట్టేసినట్టు తేలింది. కొందరికి రోజుల తరబడి తగ్గలేదు. కరిస్తే కోయడం, పసర్లు పూయడం మాని ఆసుపత్రికి వెళ్లాలి. అయితే టరాంటులా విషం వల్లే మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయిన కేసు లేదు. పైగా ఇది మనిషి అలికిడికే తొర్రలోకి దూరే జీవి. సాలీడు చేసిన శివపూజ కథతో ఒక పుణ్యక్షేత్రాన్నే వెలిగించుకున్న శ్రీకాళహస్తి నేల మనది. ఈ ప్రాణిని బతకనిచ్చే మనసు మనకు కొత్తగా అరువు తెచ్చుకోవాల్సింది కాదు.

ప్రభుత్వం చేయాల్సినవి చేతికందే దూరంలోనే ఉన్నాయి. జీవవైవిధ్య చట్టం, 2002 కింద రాష్ట్రాలు జీవవైవిధ్య వారసత్వ ప్రదేశాలను ప్రకటించవచ్చు. తెలంగాణ 2016లో అమీన్‌పూర్ చెరువును, తమిళనాడు 2022లో మదురై దగ్గరి అరిట్టాపట్టిని అలా ప్రకటించాయి. నంద్యాల, గిద్దలూరుల మధ్య ఆ చిన్న అడవి తునకకు ఏ విధంగా చూసినా ఆ అర్హత ఉంది. ప్రకటించేటప్పుడు సాలీడు ఉన్న చెట్ల కచ్చితమైన స్థానాలు బహిరంగ పత్రాల్లో పెట్టకూడదు, దొంగలకు అంతకన్నా మంచి పటం ఉండదు. ఆ అడవిని రోజూ నడిచి చూసేది చెంచులు. ఏ చెట్టుకు తొర్ర ఉందో, ఏది ఎండుతోందో వాళ్లకు తెలిసినంత మరొకరికి తెలియదు. తొర్ర చెట్లను గుర్తించి లెక్క రాసే పని వాళ్లకు జీతమిచ్చి అప్పగించాలి. వాళ్లతో పాటు సాలీళ్ల వర్గీకరణ నేర్చిన ఒకరిద్దరు యువ పరిశోధకులు ఏడాది పొడవునా, వానాకాలంతో సహా, ఆ చెట్లను రాత్రిపూట చూసి రావాలి. అటవీ శాఖ అక్కడ తొలగించే ఎండు మానుల జాబితా మీద సంతకం పెట్టే ముందు ఆ లెక్క తెప్పించుకుని చూడాలి. చుట్టుపక్కల పల్లెలకు వంట గ్యాస్ సిలిండర్ నింపించుకునే స్తోమత కలిగేలా రాయితీ ఇవ్వడం కూడా సాలీడు రక్షణ ఖర్చు కిందే రాసుకోవాలి. తునక చిన్నదే కాబట్టి ఈ ఖర్చంతా కలిపినా రాష్ట్రం మోయలేనిదేమీ కాదు. వచ్చే బడ్జెట్‌లోనే మొదలుపెట్టవచ్చు.